దబీర్‌పురా ప్రెస్సులో ఏడ్చిన ఫోను

ఆ రోజుల్లో ఇంటర్నెట్ రావాలంటే ముందు ఏడవాలి. పైకి ఏడ్చేది ఫోను లైనుకు తగిలించిన మోడెం అనే డబ్బా, దాని పక్కన కూర్చుని లోలోపల ఏడ్చేవాణ్ణి నేను. దబీర్‌పురాలో ఒక పెళ్లికార్డుల ప్రెస్సులో నాది కంప్యూటర్ పని. ఓనర్‌ను అందరం భాయ్ అనేవాళ్లం. ప్రెస్సు అప్పటికే కొన ఊపిరితో ఉంది. ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి, విండోస్ బదులు లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లోకి ఎక్కించి, ఇక మనకు తిరుగులేదని భాయ్‌కు ధైర్యం చెప్పాను. (అప్పట్లో నేనుండే సైదాబాద్ మొత్తంలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నా గీర. ఇంకెవరికీ దాని అవసరం పడలేదన్న సంగతి తట్టలేదు.) అందులో ఏ నంబరుకు డయల్ చేయాలో, అవతలివైపు ఏమడిగితే ఏం చెప్పాలో, అన్నీ నల్ల తెర మీద మనమే రాసిపెట్టాలి.

ఒకరోజు దుబాయ్ పార్టీ ఒకటి, తమ ఇంట్లో ఆడపిల్లలందరి పెళ్లికార్డుల మ్యాటర్ మెయిల్‌లో పంపామని ఫోను చేసింది. సాయంత్రంలోగా నమూనా చూపకపోతే ఆర్డర్ వేరే ప్రెస్సుకు పోతుంది. అది పోతే మాకు మూతే. మోడెం డయల్ చేసింది, కీచుమంది, తీరా కలిసే సమయానికి తెగిపోయింది. మళ్లీ అంతే. మళ్లీ అంతే. రాసిందంతా అక్షరం అక్షరం వెతికాను, తప్పు దొరకలేదు. "ఏందిరా గిట్ల సతాయిస్తున్నది? నీ ఫుకట్ చీజ్ మనల్ని ముంచుతదా ఏంది?" అన్నాడు భాయ్. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ.

అప్పుడు పై అంతస్తు నుంచి మాటలు వినపడ్డాయి. పైన ఇంట్లో అదే లైనుకు ఇంకో ఫోను ఉంది. కింద డయల్ చేస్తే అది టింగుమనేది. ఆ సమయంలో ఎవరైనా దాన్ని ఎత్తితే కింద మోడెం లైను తెగిపోయేది. భాయ్ వాళ్లమ్మ, మాకందరికీ అమ్మీజాన్, టింగుమన్నప్పుడల్లా రిసీవర్ ఎత్తుతోంది. నేను వెళ్లేసరికి దాన్ని చెవికి ఆనించుకుని, "రో నక్కో బేటీ, ఏడ్వకు. ఎవలేమన్నరు, నాకు చెప్పు" అని ఓదారుస్తోంది.

"అమ్మీజాన్, అది మనిషి కాదు, మిషన్!"

ఆమె నన్ను జాలిగా చూసింది. "మిషన్ గిట్ల ఏడుస్తదా బేటా? పాపం, ఎవలింటి పోరో. ఏడుస్తున్నోళ్ల ఫోన్ ఎట్ల పెట్టేస్తం?"

దుఃఖంలో ఉన్న మనిషి పక్కనుంచి మనం ముందుగా లేవకూడదని వాళ్లింట్లో పట్టింపు. భాయ్ వచ్చి, బతిమాలి, ఆమె చేతిలోంచి రిసీవర్ తీసుకునేసరికి పొద్దు గూకింది. మెయిల్ వచ్చింది. ఆర్డర్ అప్పటికే పోయింది.

కొన్నాళ్లకు ప్రెస్సు మూతపడింది. చెప్పి వద్దామని పైకి వెళ్లాను. అమ్మీజాన్ ఫోను వంకే చూస్తూ, "ఆ పోరి మల్ల ఫోన్ చేస్తనే లేదు. ఏడుపు ఆపిందా?" అని అడిగింది.

"ఆపింది అమ్మీజాన్. ఇప్పుడు మంచిగున్నది" అన్నాను. ఉద్యోగం పోయిన దుఃఖం అప్పటిదాకా దాచుకున్నాను కానీ, మెట్లు దిగుతుంటే ఆగలేదు.

ఇప్పుడు సంతోష్‌నగర్‌లో మా ఇంట్లో నెట్ చప్పుడు లేకుండా వస్తుంది, చప్పుడు లేకుండా పోతుంది. పోయినప్పుడు కస్టమర్ కేర్‌కు చేస్తే, నా గోడు సగంలో ఉండగానే ఎవరో ఫోను పెట్టేస్తారు. అప్పుడు అమ్మీజాన్ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇంత వయసొచ్చాక, ఆమె రిసీవర్‌కు అవతల ఒక్కసారైనా నేనుంటే బాగుండునని కూడా అనిపిస్తుంది.