పదిహేడో ఎక్కం చెప్పిన రక్షిత

నా మనవరాలు రక్షిత తొలి గెలుపు ఏడేళ్ల వయసులో, బెంగుళూరు ఆస్పత్రి మంచం మీద. వెన్నులో సూది వేసేటప్పుడు అంతకు ముందు ఆరుసార్లూ ముగ్గురు నర్సులు అదిమి పట్టుకోవలసి వచ్చింది. ఏడోసారి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, పదిహేడో ఎక్కం పైకి చెప్పుకుంటూ కదలకుండా పడుకుంది. పదిహేడు తొమ్మిదులు నూట యాభైమూడు అనేసరికి డాక్టరమ్మ సూది తీసేసింది. ఆ ఎక్కం నేను నేర్పినదే.

నేను రాయకోట దగ్గర పల్లెలో, తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మా ఊళ్లో డ్రిప్పు పైపులేసి టమాటా పండించిన మొదటి మనిషిని. పాల సొసైటీకి పన్నెండేళ్లు అధ్యక్షుణ్ణి. ఈ శ్రీరంగప్ప ఒక మాటంటే ఇంట్లోనూ ఊళ్లోనూ ఎదురుండేది కాదు. ఆ మాట చివరకు ఏం చేసిందో కూడా నేనే రాయాలి.

రక్షితకు ఆరేళ్లప్పుడు కాళ్ల మీద నీలం మచ్చలు లేచాయి. దూకి దూకి పడుతోందని పసుపు రాయించాను. జ్వరం వదలక ముఖం పాలిపోయాక హోసూరులో రక్తం పరీక్ష చేసి బెంగుళూరుకు పంపారు. రక్త క్యాన్సరు, ల్యుకేమియా అన్నారు. ఎముకల మూలుగలో పనికిరాని తెల్లకణాలు పెరిగి మంచివాటికి చోటు లేకుండా చేస్తాయట. పిల్లల్లో చాలామందికి నయమవుతుంది, కానీ రెండేళ్లకు పైగా మందు వాడాలని డాక్టరమ్మ చెప్పింది. రాగి చేలో కలుపులాంటిదని నేను అర్థం చేసుకున్నాను. ఆ మందు కలుపుతో పాటు పైరునూ కొంత కాలుస్తుంది. జుట్టంతా రాలిపోయింది.

"తాతా, మనిద్దరికీ ఒకటే గుండు. నీకెవురు సూదేసినారు?"

"మీ అవ్వే," అన్నాను. నోరు పూసి ఉన్నా నవ్వింది.

మళ్లీ జుట్టు వచ్చింది. బడికి పోయింది. మూడో తరగతిలో లెక్కల్లో మొదటి బహుమతి, స్టీలు గ్లాసు, నా చేతికి తెచ్చి ఇచ్చింది. ఇక ఇంట్లో వేసుకునే మాత్రలే మిగిలాయి. జ్వరం వచ్చినా, ఒంటి మీద పొక్కు లేచినా ఆ గంటలోనే రావాలని డాక్టరమ్మ నోటుబుక్కులో రాసి ఇచ్చింది. అందరికీ చదివి వినిపించింది నేనే.

ఈ ఫిబ్రవరిలో రక్షిత మెడ మీద నీటిపొక్కులు కనిపించాయి.

"మామా, ఒళ్లు కాలిపోతా ఉంది. కారు పిలిపించండి," అన్నది బిడ్డ తల్లి, నా కోడలు పవిత్ర.

"అమ్మవారు పోసిందమ్మా. ఆ తల్లి ఇంట్లో ఉండంగా ఇంగ్లీషు మందు ముట్టకూడదు, బిడ్డను వాకిలి దాటించకూడదు. మూడు దినాలు ఓర్చుకో. నీళ్లు పోసినాక పోదాం."

"బుక్కులో ఏం రాసినారో మీరే కదా చదివినారు?"

"నా ముగ్గురు బిడ్డలకూ పోసింది. యాడికన్నా తీసుకపోయినానా?"

నేనే వాకిలికి వేపమండలు కట్టాను. ఇంట్లో తాలింపు మాన్పించాను. మూడో రోజు పొద్దున నీళ్లు కాగుతుండగా రక్షిత ఊపిరి అందక ఎగపోసింది.

"మొదటి రోజే వచ్చుంటే నరానికి మందెక్కించేవాళ్లం, పెద్దాయనా," అన్నది బెంగుళూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ. "ఈ రోగాన్ని తట్టుకునే బలం ఈ బిడ్డలో లేదు. మా మందే ఆ బలాన్ని తగ్గించింది. అందుకే రాసిచ్చినాను. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయింది."

పదకొండు రోజులు ఊపిరి పోసే మెషీను మీద ఉంది. పవిత్ర నన్ను ఇంటికి పంపేసింది. కోప్పడలేదు. నా ముఖం చూడలేదు, అంతే.

నిన్న ఫోను చేసి, తాను మాట్లాడకుండా రక్షిత నోటి దగ్గర పెట్టింది. గొట్టం తీశాక గొంతు బొంగురుపోయింది.

"తాతా, ఎక్కం మరిచిపోయినాను. పదిహేడు నాలుగులు ఎంత?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నువ్వూ మరిచిపోయినావా?"

"అరవై ఎనిమిది, తల్లీ."

"వాకిట్లో వేపాకు తీసేసినావా? నేను ఇంటికొస్తే మళ్లీ ఆపుతావేమో."

"తీసేసినాను. ఇంకెప్పుడూ ఆపను."

అప్పుడు పవిత్ర ఫోను తీసుకుని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. జ్వరం తిరగబెట్టకపోతే ఇంటికి పంపిస్తామన్నారట, మార్చి ఇరవై ఆరు, బుధవారం.