ఒక్కడా, ముగ్గురా

పోయిన నెల ఒక శనివారం పొద్దున ఫిల్మ్‌నగర్‌లో మా ఫ్లాట్ తలుపు తట్టి ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకామెకు నా వయసే ఉంటుంది, రెండో అమ్మాయి ఆమె కోడలట. ఇస్త్రీ నలగని నూలు చీరలు, భుజాన మత పుస్తకాల సంచులు. మంచినీళ్ళడిగి తాగి, పెద్దామె మెల్లగా, "మీరు క్రైస్తవులే కదమ్మా, త్రిత్వం అనే మాట బైబిల్లో ఎక్కడైనా చూశారా?" అంది. అడిగిన తీరులో ఏ తప్పూ లేదు. బస్సు ఎన్నింటికని అడిగినంత మర్యాదగా అడిగింది. నేను మాత్రం గ్లాసులు తీసుకుని, పనుందని చెప్పి తలుపు వేసేసి, గడియ కూడా పెట్టి సోఫాలో కూలబడ్డాను. డబ్బింగ్ చెప్పుకుని బతికేదాన్ని నేను. తెర మీద ఎవరి పీక తెగినా, ఎవరి ఇల్లు తగలబడినా మైకు ముందు నిలబడి నింపాదిగా అరిచి, టీ తాగి ఇంటికొచ్చేదాన్ని. అలాంటిదాన్ని ఆ చిన్న ప్రశ్నకి పారిపోయాను. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అనే ఆ మాట మీద మా ఇంట్లో నెత్తురు కారింది మరి.

మా నాన్న, బాబాయి గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. నాన్న సినిమా సెట్లు కట్టే వడ్రంగి. జూబ్లీహిల్స్ బంగళాల లోపల ఎలా ఉంటుందో మాకు తెలియదు గానీ, అలాంటి బంగళాల హాళ్ళు నాన్న ప్లైవుడ్డుతో వారంలో నిలబెట్టేవాడు, వాటిని బాబాయివాళ్ళు ఒక్క పూటలో బద్దలు కొట్టేవాళ్ళు. బాబాయి ఫైటరు. హీరో చేతిలో తన్నులు తిని గాల్లో లేచి, ఏ అద్దం మీదో పడి చచ్చిపోవడం ఆయన ఉద్యోగం. పొద్దున కత్తిపోటుకి చచ్చి, సాయంత్రం చెవి వెనక ఎర్రరంగు పూర్తిగా పోకుండానే మాకు పకోడీలు పట్టుకొచ్చేవాడు. అంత కొట్లాట చేసే మనిషి ఇంట్లో కోడిని కోయలేడు. ఆ పని పిన్నిది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్నూ అన్నయ్యనీ పెంచింది ఆ పిన్నే. ఫిల్మ్‌నగర్ కొండవాలు మీద, రెండు గదుల ఇంట్లో అందరం కలిసే ఉండేవాళ్ళం. వీధి చివర రేకులు వేసి కట్టుకున్న మా చిన్న గుడికి నాన్న సంఘ పెద్ద. గుడి తలుపులు, బల్లలు, ప్రసంగ వేదిక అన్నీ ఆయన చేతి పనే. అన్నయ్యకి ఇరవై దాటగానే బాబాయి తన వెంట తీసుకుపోయి పడటం నేర్పాడు. "కొట్టడం ఎవడైనా కొడతాడు, పడటమే విద్య" అనేవాడు.

ఒక షూటింగులో బాబాయి నడుముకి కట్టిన తాడు తెగింది. మేడ మీద నుంచి కింద పరిచిన అట్టపెట్టెల మీద పడాల్సినవాడు వాటి పక్కన సిమెంటు గట్టు మీద పడ్డాడు. నడుముకి ఆపరేషనైంది. ఇనుప పట్టీ బిగించి, ముందు గదిలో నవారు మంచం మీద నెలల తరబడి కదలకుండా పడుకోబెట్టాం. టీవీ చూస్తే ఫైట్లే వచ్చేవి, చూడలేక ఆపించేవాడు. పొద్దుపోక బైబిలు తెరిచాడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉన్న పుస్తకమే, ఎప్పుడూ మొదటి నుంచి చివరిదాకా చదివిన పాపాన పోలేదు. ఈసారి మొదలుపెట్టి, అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకరోజు భోజనాల దగ్గర, "అన్నయ్యా, లోకం ముగిసే ఆ చివరి గడియ ఎప్పుడో కుమారుడికి కూడా తెలియదు, తండ్రికే తెలుసని రాసి ఉంది. ఇద్దరూ సమానమైతే ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడమేంటి?" అన్నాడు. నాన్న ముచ్చటపడ్డాడు కూడా. ఇన్నాళ్ళకి తమ్ముడు వాక్యం పట్టుకున్నాడనుకున్నాడు. యేసు మనిషిగా దిగివచ్చి తన్ను తాను తగ్గించుకున్నాడు కాబట్టి అని వివరంగా చెప్పాడు. బాబాయి తల ఊపాడు. మర్నాడు ఇంకొకటి అడిగాడు.

అలా మొదలైంది. తండ్రి నాకంటే గొప్పవాడని యేసే చెప్పాడు కదా అని బాబాయి. నేనూ తండ్రీ ఒకటే అని కూడా చెప్పాడు కదా అని నాన్న. దేవుడు ఒక్కడేనని మోషే చెప్పాడని బాబాయి, వాక్యమే దేవుడై ఉందని యోహాను రాశాడని నాన్న. తోమా ఆయన గాయాలు చూసి 'నా దేవా' అన్నప్పుడు ఆయన కాదన్నాడా అని నాన్న గట్టిగా అడిగితే బాబాయి ఆ పూటంతా బైబిలు తిరగేస్తూ ఉండిపోయాడు. మళ్ళీ రాత్రి అన్నాల వేళకి, "సరే, ఆ త్రిత్వం అనే మాట ఎక్కడుందో చూపించు" అని మొదటికి వచ్చాడు. "మాట లేదు, నిజమే. సంగతి ఉంది. ముగ్గురి పేరా బాప్తిస్మం ఇమ్మన్నాడు, పేర్లు అని కాదు, పేరు అన్నాడు" అని నాన్న. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరూ బాగా చదివినవాళ్ళలాగే మాట్లాడారనిపిస్తుంది. అప్పుడు మాత్రం మాకు అన్నం సహించేది కాదు. ఎందుకంటే గొంతులు రోజురోజుకీ లేస్తున్నాయి. పిన్ని సణుగుతూ చారు వడ్డించేది. ఒకరోజు నాన్న విసిరిన స్టీలు కంచం గోడకి తగిలి పిన్ని మోచేతి మీద పడింది. ఇంకోరోజు, లేచి నిలబడటమే కష్టమైన తమ్ముణ్ణి చెంప మీద కొట్టాడు. కొట్టాక తనే బిత్తరపోయి బయటికి వెళ్ళి, రెండు గంటలు ఎండలో చెక్క చిత్రిక పట్టాడు.

గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. ముగ్గురినీ నమ్ముతున్నామని అందరూ కలిసి విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు బాబాయి చేతికర్ర పట్టుకుని లేచి నిలబడేవాడు గానీ సగంలో నోరు మూసేసేవాడు. సంఘ పెద్ద ఇంట్లోనే ఇలా అయితే ఎలాగండీ అని నలుగురూ నాన్నని అడగసాగారు. పాస్టరుగారు ఊరెళ్ళిన ఒక ఆదివారం ఆరాధన నాన్నే నడిపించాడు. అయ్యాక అందరినీ కూర్చోమని, "మా తమ్ముడు ఇవాళ మీ అందరి ముందూ అడుగుతాడు, నేను జవాబు చెప్తాను, ఇక దీంతో సరి" అన్నాడు. జనం ఆసక్తిగానే కూర్చున్నారు. చాలాసేపు అది మా ఇంటి భోజనాల్లాగే సాగింది, నాన్నదే పైచేయి. పరలోకం విడిచి తగ్గించుకున్నాడు కాబట్టే అలా మాట్లాడాడు అని ప్రతిదానికీ జవాబొచ్చింది. అప్పుడు బాబాయి బైబిల్లో చివరి పుస్తకం తెరిచి, "యేసు తిరిగి పరలోకానికి వెళ్ళాక, మహిమలో ఉన్నప్పుడు కూడా తండ్రిని 'నా దేవుడు' అని పిలిచాడన్నయ్యా. ఒకే వచనంలో నాలుగుసార్లు. ఇక అక్కడ తగ్గించుకోవడం ఎందుకు?" అన్నాడు.

నాన్న పేజీలు తిప్పాడు. వచనం కనబడింది. చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే లేకపోతే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. గోడ పక్కన కప్పు బాగుచేయడానికి తెచ్చిన రీపరు కర్రలు పడి ఉన్నాయి. నాన్న ఒకటి తీసి బాబాయి ముఖం మీద కొట్టాడు. దాని చివర తీయని మేకు ఉంది. అంతే, ఆ తర్వాత జరిగింది ఎవరి చేతిలోనూ లేదు. దేవదూషణ అని ఎవరో అన్నారు. కుర్రాళ్ళు బల్లలు దూకారు. కిందపడిన మనిషిని తన్నారు, మైకు స్టాండుతో కొట్టారు. వాళ్ళలో మా అన్నయ్య ఉన్నాడు. మిగతావాళ్ళు ఎక్కడ దొరికితే అక్కడ తన్నారు, అన్నయ్య నడుము మీద తన్నాడు. ఆపరేషన్ కుట్లు ఎక్కడున్నాయో వాడికి తెలుసు, రోజూ పట్టీ బిగించింది వాడే. డబ్బుల కోసం అన్ని కేకలు వేసే నేను ఆ పూట ఒక్క కేకా వేయలేదు. పిన్నిని పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా చేతులు గీరి, విడిపించుకుని, జనంలోకి వెళ్ళలేక బల్లల మీద పడి కొట్టుకుంటోంది. అప్పుడు చూశాను, నాన్న రీపరు పారేసి తమ్ముడి మీద బోర్లా పడ్డాడు. ఆగండ్రా అంటున్నాడు, ఎవరికీ వినబడటం లేదు. ఇనుప మడతకుర్చీ ఒకటి పైకి లేచి ఆయన కుడిచేతి మీద దిగింది. అలాంటి చప్పుడు నాకు ఈనాటికీ ఏ సౌండ్ థియేటర్లోనూ వినబడలేదు.

గొడవ విని లోపలికి వచ్చినవాడు మా పక్కింటి ఆటో అన్న. బోరబండలో పుట్టి పెరిగినవాడు, ఏటా బోనాలకి మా ఇంటికి పులిహోర పంపించేవాడు. "జరుగుండ్రి. మనిషి సస్తుండు, కనబడ్తలేదా?" అంటూ కుర్రాళ్ళని రెక్క పట్టి లాగి పడేశాడు. బాబాయిని భుజాన వేసుకుని ఆటోలో పడుకోబెట్టాడు. బంజారాహిల్స్ దిగుతుండగా నన్ను అద్దంలో చూస్తూ, "దొంగ గిట్ల దొరికిండా అక్కా?" అని అడిగాడు. కాదన్నా, దేవుడి గురించి అన్నాను. కాసేపటికి, "మీ బాబాయి ఏమన్నడు మరి?" అన్నాడు. ఒడిలో ఉన్న తలని చీర కొంగుతో అదిమి పట్టుకుని, దేవుడు ఒక్కడే అన్నాడని చెప్పాను. ఆయన హారన్ మీద చెయ్యి పెట్టి ఆటో వేగం పెంచాడు.

మధ్యాహ్నం ఆసుపత్రికి ఎస్సై వచ్చాడు. చేతికి సిమెంటు కట్టుతో బెంచీ మీద కూర్చున్న నాన్న లేచి, నేనే కొట్టాను అని చెప్పాడు. "జాగా పంచాయితీనా?" అని ఎస్సై. కాదండీ అని నాన్న మొదలుపెట్టి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ ఒక్కడేనని, మా తమ్ముడు అలా కాదంటాడని, ఎడమచేత్తో వేళ్ళు చూపిస్తూ వివరించాడు. ఎస్సై ఓపిగ్గానే విన్నాడు. "అంటే ఒక్కడా, ముగ్గురా అని కొట్టుకున్నరు. గిది నేను ఏ సెక్షన్ల రాయాలె పెద్దాయనా?" అన్నాడు. బాబాయికి అప్పటికి తెలివొచ్చింది. ఎడమ కన్ను పోయిందని మాకు తెలుసు, ఆయనకింకా తెలియదు. "మా అన్నయ్య కొట్టాడు, రాసుకోండి" అన్నాడు. మిగతావాళ్ళ పేర్లడిగితే చూడలేదన్నాడు. కేసు పెడతావా అంటే పెడితే ఏమవుతుందన్నాడు. "మీ అన్న లోపల్కి పోతడు." బాబాయి కట్టు లేని కన్ను మూసుకుని, "అయితే వద్దు లెండి. ఆయన నాకింకా జవాబు చెప్పలేదు" అన్నాడు.

ఇంటికి తెచ్చాక పిన్ని నాన్నతో ఏడాది మాట్లాడలేదు. పలకరింపు లేకుండా కంచం పెట్టేది. మొదటి రోజు మాత్రం గుమ్మంలో నిలబడి, "బావగారూ, మీ దేవుడు ముగ్గురైనా సరే, నాకు మొగుడు ఒక్కడే" అంది. నాన్న తల దించుకుని ఊఁ అన్నాడు. సంఘ పెద్దగా ఉండనని చెప్పేశాడు. కుడిచేతి వేళ్ళు సరిగా ముడుచుకోక రంపం పట్టలేకపోయాడు, సెట్ల పని పోయింది. నా డబ్బింగ్ మీదే ఇల్లు నడిచింది. అన్నయ్య టోలిచౌకిలో గది కిరాయికి తీసుకుని వెళ్ళిపోయాడు. పండక్కి కూడా రాలేదు. రమ్మని ఫోన్ చేస్తే, "బాబాయి నన్ను చూసి నవ్వుతాడు, అది నావల్ల కాదు" అనేవాడు. అది నిజమే, నవ్వేవాడు.

తర్వాతి సంవత్సరాల్లో షుగరు ముదిరి బాబాయికి మిగిలిన కంటి చూపు కూడా మసకేసింది. చదవలేకపోయాడు. ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి నాన్న మంచం పక్కన స్టూలు వేసుకుని బైబిలు చదివి వినిపిస్తున్నాడు. బాబాయి అడిగినవే, అంటే తనకి అడ్డొచ్చే వచనాలే, గట్టిగా, ఒక్క ముక్క వదలకుండా. మధ్యలో ఆగి తన సంగతి చెప్పేవాడు. ఆ చివరి పుస్తకం ప్రశ్నకి కూడా ఒక జవాబు తెచ్చాడు. మరణంలోంచి లేచి పైకి వెళ్ళాక కూడా కుమారుడు మనిషిగానే ఉన్నాడు, అందుకే ఒక మనిషి పిలిచినట్టు నా దేవుడు అని పిలుస్తాడు, అన్నాడు. బాబాయి నాన్న మోకాలు తడిమి పట్టుకుని, "బాగుంది. చాలా బాగుంది అన్నయ్యా. అది ఎక్కడ రాసి ఉంది?" అన్నాడు. నాన్నకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత కూడా కేకలేసుకునేవాళ్ళు, మేం వంటింట్లో బిగుసుకుపోయేవాళ్ళం. కానీ నాన్న చేతులు ఒళ్ళోనే ఉండేవి. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చునేవాడు.

బాబాయి పోయినరోజు పాస్టరుగారు వచ్చి, విశ్వాస ప్రమాణం ఒప్పుకోని మనిషికి సంఘం తరఫున సమాధి ఆరాధన చేయలేనని చెప్పాడు. చెప్పడానికి ఆయనకీ కష్టంగానే ఉంది, చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడ్డాడు. సమాధుల తోటలో స్థలానికి మాత్రం ఎలాగో ఒప్పించాడు. పెట్టె దగ్గర నాన్నే నిలబడ్డాడు. మేం పదిమందిమి ఉంటాం. గేటు దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని అన్నయ్య. పెట్టె దించే ముందు చెప్పాల్సిన 'తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున' అనే మాటలు నాన్నకి నిద్రలో కూడా వచ్చు. "తండ్రి" అని ఆగిపోయాడు. చివరికి మామూలు గొంతుతో, "తరవాతి మాట వీడు ఒప్పుకోడు. మానేస్తే నేను ఒప్పుకోను" అన్నాడు. అని, అన్నదమ్ములిద్దరికీ వాళ్ళమ్మ నేర్పిన 'యెహోవా నా కాపరి' కీర్తన మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. మధ్యలో అన్నయ్య గేటు దగ్గరి నుంచి వచ్చి పెట్టె దించే తాడు పట్టుకున్నాడు.

నాన్న కూడా పోయి కొన్నేళ్ళయింది. పిన్ని ఇప్పుడు అన్నయ్య దగ్గర ఉంటోంది. రేకుల గుడి స్థానంలో చలువరాయి గుడి వచ్చింది, మా రెండు గదుల ఇల్లు ఏ అపార్టుమెంటు కింద పోయిందో నేనే సరిగా గుర్తుపట్టలేను. ఆ రోజుల్లో అన్నం ముందు కూర్చుని ఈ వాదన ఎప్పటికి ముగుస్తుందిరా దేవుడా అనుకునేదాన్ని. అది ముగియలేదు, వాదించేవాళ్ళే అయిపోయారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో నాకు ఇప్పటికీ తెలియదు, వాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది, వచ్చి నాకు చెప్పడానికి మాత్రం ఇద్దరికీ ఇంకా తీరిక దొరికినట్టు లేదు.