పాప తల మీద ఒట్టు

మీ ఇంట్లో మీరు ఎవరి నోరు మూయించారు? ముందు ఆ పేరు మనసులో అనుకోండి. తర్వాత నా మాట చదవండి. నేనైతే మా అమ్మ నోరు మూయించాను. కసురుకోలేదు, చెయ్యెత్తలేదు. ఒక్క ఒట్టు వేయించాను. ఆ బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పకు పోవడమేనేమో. మోసింది అమ్మ. నేను దాచానంతే.

నా పేరు చెప్పను. విశాఖలో సభలకు వెళ్లే అలవాటున్నవాళ్లు నా గొంతు వినే ఉంటారు. ముహూర్తాలనూ మొక్కులనూ తాయెత్తులనూ వేదికలెక్కి ఉతికి ఆరేసినవాణ్ని. గ్రహణం పట్టిన వేళ నలుగురి మధ్య కూర్చుని అన్నం తిన్నవాణ్ని. నా ఉపన్యాసాల్లో ఎక్కువ చప్పట్లు తెచ్చిన కథ మా నాన్నది.

మాది జాలరిపేట. నాన్న తాగేవాడు. అమ్మ పోరు పడలేక ఒకసారి గంగమ్మ తల్లి మీద ఒట్టేసి, ఇక ముట్టనన్నాడు. ముట్టాడు. ఆ తర్వాత వేటకు వెళ్లిన తెప్ప తిరిగి రాలేదు. ఒట్టు తప్పినందుకే గంగమ్మ తీసుకుపోయిందని అమ్మ నమ్మకం. తెప్ప పాతదనీ, ఆ రోజు గాలి పెద్దదనీ నా వాదం. "చూశారా, మూఢనమ్మకం ఒక ఆడదాని దుఃఖాన్ని కూడా నేరంగా మార్చేస్తుంది" అని ముగించేవాణ్ని. సభ దద్దరిల్లేది. నా వాదం తప్పని ఇవాళ్టికీ అనను. కానీ ఆ చప్పట్లు మోగే వేళకు ఆ ఆడది ఏదో వీధిలో తట్ట నెత్తిన పెట్టుకుని "సేపలో" అని కేకేస్తూ ఉండేది. నన్ను చదివించింది ఆ కేకే.

నాది దండల పెళ్లి. మా ఆవిడ వాళ్లది కృష్ణా జిల్లా. స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి మామగారు ఇక్కడికి చేరారు. కులం వేరు, యాస వేరు. గాజువాకలో మేం అద్దెకున్న వాటాకు ఒక పక్క ఒడియా వాళ్లు, పైన బెంగాలీ వాళ్లు. మా పాప ఇన్ని గొంతుల మధ్య మాటలు నేర్చింది. అన్నానికి మా ఆవిడ తెలుగు, ఆటకు పక్కింటి ఒడియా, మిగతా లోకానికంతా మా అమ్మ మాట. మేమిద్దరం ఉద్యోగాలకు పోతే పొద్దస్తమానం పాప, పేట నుంచి వచ్చే మా అమ్మ దగ్గరే ఉండేది. అమ్మ చేపలు కడుగుతూ, "ఓలమ్మ, ఈ వంజరానికి కోపమొచ్చింది సూడు" అనేది. "ఎందుకేటీ?" అని పాప. అక్కడినుంచి ఒక కథ. ఆ వంజరం తల్లి ఎవరు, ఎవరితో తగువు పడింది, వలలోకి ఎందుకొచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ నేనూ వినేవాణ్ని. నాకు నచ్చేది. అది కూడా ఒప్పుకోవాలి. నచ్చింది కాబట్టి నా తప్పు ఇంకా పెద్దది.

నా ఉద్యోగం నాలుకలు దిద్దడం. కాల్ సెంటర్లకు పిల్లల్ని తయారుచేసే శిక్షణ కేంద్రంలో ఇంగ్లిష్ యాస నేర్పేవాణ్ని. ఎలమంచిలి నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చిన కుర్రాళ్ల చేత నోటి ముందు కాగితం ముక్క పట్టించేవాణ్ని. 'పి' అంటే కాగితం ఎగరాలి. ఎగరకపోతే మళ్లీ. "మీరు నోరు తెరిస్తే మీ ఊరు కనబడకూడదు" అని వాళ్లకు చెప్పేవాణ్ని. సాయంత్రం సభకెళ్లి "మనిషిని పుట్టుకతో కొలవకండి" అనేవాణ్ని. రెండూ ఒకే నోరు. ఒకే చొక్కా కూడా, చాలాసార్లు. ఈ తేడా నాకు ఎందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టనివ్వలేదా?

పాపను ఇంగ్లిష్ బడిలో చేర్చడానికి తీసుకెళ్లాను. అక్కడి టీచరమ్మ పేరడిగితే పాప చెప్పింది. తర్వాత ఆవిడ ఇంగ్లిష్‌లో ఇంకేదో అడిగింది. పాప తల పక్కకు వంచి, "ఏటి? నానెరగను" అంది. ఎంత ధీమాగా అందనుకున్నారు! ఆవిడ నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు. "పాప పనిమనిషి దగ్గర పెరుగుతోందాండీ?" అని అడిగింది.

"అవునండీ" అన్నాను.

నా తల్లిని నేను అలా పరిచయం చేశాను. పనిమనిషైతే మాత్రం ఆమె మాటకేం తక్కువని అడగాల్సిన నోరు అది. వేదిక మీదైతే అడిగేది. అక్కడ మైకు లేదు, చప్పట్లు లేవు, ఎదురుగా పాపకు రావాల్సిన సీటు ఉంది. అవునండీ అంది.

ఇంటికి వచ్చేసరికి పాప నా భుజం మీదే నిద్రపోయింది. మంచం మీద పడుకోబెట్టాను. మా ఆవిడ ఆఫీసులో ఉంది. అమ్మ పెరట్లో రొయ్యలు ఒలుస్తోంది.

"అమ్మా, ఇకమీద నువ్వు పాపతో మాట్లాడకు" అన్నాను.

"ఏటిరా?"

"నీ మాట దానికి అంటుకుంటోంది. బడిలో నవ్వారు."

"నా మాటేవన్నా గజ్జేటిరా, అంటుకోడానికి?" అని తనూ నవ్వింది.

"నవ్వకు. దానికి ఇంగ్లిష్ రావాలి. మంచి తెలుగు రావాలి."

"మరి నీకంటుకోనేదేటి? సబల్లో మైకట్టుకుని అరవడం ఎవుల దగ్గర నేర్సినావు? నా సేపల కేక కాదేటి అది?"

నాకు ఒళ్లు మండింది. అబద్ధమైతే మండేది కాదు. నా ముఖం చూసి అమ్మ తగ్గింది. "సర్లే, మాటాడన్లే" అంది, మొండికేసిన పిల్లాణ్ని ఊరుకోబెడుతున్నట్టు. సాయంత్రం పాప లేచి "మామ్మా" అంటే ఆ మాట మరిచిపోతుందని నాకు తెలుసు. మరిచిపోకుండా ఆమెను కట్టేసే తాడు ఏదో కూడా తెలుసు. ఆ తాడు గురించి ఊరూరా చెప్పినవాణ్ని కదా.

"ఒట్టెయ్యి. గంగమ్మ మీద, పాప తల మీద" అన్నాను.

అమ్మ చేతిలో రొయ్య అలాగే ఆగిపోయింది. "నువ్వేనేటిరా అడుగుతన్నావు? ఒట్లూ గిట్లూ నేవంటావు గదా."

"నాకు లేవు. నీకున్నాయిగా."

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి నోట్లోనూ పెట్టలేను. నమ్మేవాళ్ల నమ్మకాన్ని వాళ్ల మీదికే తిప్పి బతికే బాబాలను నేను ఎన్ని పేర్లు పెట్టి తిట్టాను! వాళ్లకూ నాకూ ఏం తేడా? వాళ్లలో కొందరైనా తాము చెప్పేది నమ్ముతారు.

అమ్మ లేచింది. చేతులు కడుక్కుని చీరకు తుడుచుకుంది. లోపలికి వెళ్లి, నిద్రపోతున్న పాప తల మీద చెయ్యి పెట్టింది. పెదవులు కదిలాయి. ఏమందో నాకు వినబడలేదు. పిల్లకు వినబడకుండా అనడం అక్కడే మొదలుపెట్టింది.

ఆ తర్వాత పాపకు అమ్మ గొంతు లేదు. పాప ఉన్నంతసేపూ మాతో మాట్లాడటం కూడా మానేసింది. ఒట్టు ఎక్కడ తెగుతుందో ఆమెకేం తెలుసు? చేప ముళ్లు తీసి పాపకు తినిపించేటప్పుడు, నోట్లో పెట్టిన ముద్దలో ముల్లుందని అనుమానమొస్తే గోటితో కంచం అంచు మీద టక్కున కొట్టేది. పాప నమలడం ఆపేది. మొదట్లో పాపకు ఇదంతా ఆటే. తనూ పెదవులు బిగించి, వేలితో నేలమీద కొట్టి జవాబిచ్చేది. తర్వాత విసుగొచ్చింది. తర్వాత అలిగింది. తర్వాత మామ్మ వైపు చూడటం మానేసింది. పాప బడి నుంచి ఇంగ్లిష్ తెచ్చుకుంటున్న కొద్దీ అమ్మ మా ఇంటికి రావడం తగ్గించి, చివరికి పేటలోనే ఉండిపోయింది.

"అత్తయ్యగారికి నా మీద కోపం. నేనేం తప్పు చేశాను?" అని మా ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో! అమ్మ ఆమెతో, "నీ తప్పేటీ నేదమ్మా" అని మాత్రం అనేది. అంతకు మించి చెబితే కొడుకు పేరు చెప్పాలి.

ఒకసారి పాపకు జ్వరం తగిలింది. కలవరింతల్లో మామ్మను పిలిచింది. కబురు పంపితే అమ్మ వచ్చి, పాప అరికాళ్లు రాస్తూ కూర్చుంది. నేను ఓర్చుకోలేకపోయాను. "మాట్లాడమ్మా. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అన్నాను, చిన్నపిల్లలు అనేట్టు.

"గట్టేదిరా? మీ నాన్నకి దొరికిందేటి గట్టు?" అంది, పాప కళ్లు మూతపడి ఉన్నాయని చూసుకుని, నాకు మాత్రమే వినబడేట్టు.

"ఒట్లు నిజం కాదమ్మా."

"మరప్పుడెందుకేయించినావురా?"

ఆ క్షణంలో ఆమె కాళ్లు పట్టుకుని ఉంటే, నా పరువు కోసం నీ భయాన్ని వాడుకున్నానని చెప్పి ఉంటే, ఆమె మాట్లాడేదా? మాట్లాడకపోవచ్చు. భయం వాదనకు లొంగదని నాకంటే ఎవరికి తెలుసు? అయినా చెప్పాల్సింది. బల్ల మీద మందు సీసా సర్ది బయటికి వచ్చేశాను.

ఇంతవరకే అయితే పిరికితనం అనుకోవచ్చు. ఇంకొకటుంది. పాప పెద్దదవుతూ అడిగింది, మామ్మకు నేనంటే ఎందుకు ఇష్టం లేదని. నేను ఏం చెప్పానో తెలుసా? "మీ అమ్మది వేరే కులం కదా. మామ్మ ఇంకా ఒప్పుకోలేదు" అన్నాను. ఎంత చక్కగా అతికింది! మా ఆవిడను మొదటి రోజే దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్విన మనిషిని కులపిచ్చిదాన్ని చేశాను. తర్వాత ఆ అబద్ధాన్ని వేదికకూ ఎక్కించాను. "నా కన్నతల్లి నా కూతురితో ఒక్క మాట మాట్లాడదు. కులం అంత లోతుగా ఉంది" అన్నాను. ముందు వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ పోయిన రోజున నా కూతురు ఏడవలేదు. దూరంగా నిలబడి ఫోను చూసుకుంది. ఆ పిల్లను నేను తప్పుపట్టలేదు. ఆ ఒక్క న్యాయం మాత్రం చేశాను.

ఇప్పుడు వినండి, కాలం నా మీద ఎలా ఉమ్మిందో. నేను ఏ ఇంగ్లిష్ కోసం ఇదంతా చేశానో, ఆ ఇంగ్లిషే లేదు. నా కూతురు పనిచేసే కంపెనీలో మీటింగు పెడితే లాగోస్ వాడు లాగోస్ వాడిలా, మనీలా వాడు మనీలా వాడిలా మాట్లాడతారట. ఎవరి యాస వారిదే. ఎవరూ నవ్వరట. యాస మార్చాలంటే అవతలివాడి చెవికి చేరేలోపు యంత్రమే మార్చేస్తుందట. నేను కాగితాలు ఎగరేయించిన కేంద్రం ఉన్న చోట ఇప్పుడు బిర్యానీ హోటలు ఉంది. అన్నింటికంటే ఘోరం, నా కూతురి పనేమిటంటే, జనం ఇళ్లలో మాట్లాడే మాటలు ఉన్నదున్నట్టు రికార్డు చేసి యంత్రానికి నేర్పడం. ఊరి యాస ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదట. ఆ పని మీదే జాలరిపేట వెళ్లింది. "వాళ్ల మాట సగం అర్థం కాలేదు నాన్నా" అంది. మొదట తనకు వచ్చిన మాట అదే.

అక్కడ చేపలమ్మే పోలమ్మ, మా అమ్మ జతగత్తె, ఈ పిల్ల ఎవరో కనుక్కుని గెడ్డం పట్టుకుందట. "ఓలి గుంటా, నువ్వేనేటే? బజారు పొడుగునా మీ మామ్మకి నీ ముచ్చటే. నీకు సెప్పాల్సిన కతలన్నీ మా పిల్లలకి సెప్పీది. నీతోటి మాటాడకుండా ఎవులో ఒట్టేయించారంట. ఎవులే అంటే కొంగు నోట్లో కుక్కుకునీది" అందట.

నా కూతురు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "కులం కాదట నాన్నా. ఎవరు వేయించారు ఆ ఒట్టు? అమ్మేనా?" అని అడిగింది.

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. "పోయినవాళ్ల సంగతులు ఇప్పుడెందుకు?" అన్నాను. అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. అలా చెప్పకుండానే చెప్పడం నాకు బాగా వచ్చు. ఆ రోజు నుంచీ అది వాళ్లమ్మతో మాట్లాడటం లేదు. ఫోనెత్తదు. ఎత్తితే నన్నిమ్మంటుంది. మా ఆవిడ నిన్న వంటింట్లోంచి, "ఇదీ అత్తయ్యగారిలాగే అయిపోయిందండీ. నాలోనే ఏదో ఉంది" అంది. ఒక ఆడదాన్ని మూగను చేశాను. రెండోదాన్ని ఇన్నేళ్లు దోషిగా కూర్చోబెట్టాను. మూడోదానికి తల్లిని దూరం చేస్తున్నాను. ఏ దేవుడూ లేడు కాబట్టి ఈ లెక్క ఎవరికీ అప్పచెప్పలేను.

పాపా, ఇది నువ్వు చదువుతావు. గుర్తుపడతావు. ఒట్టు వేయించింది నేను. మీ అమ్మకు ఈనాటికీ తెలియదు. ఈ కాగితాలు ముందు ఆమె చేతిలోనే పెడుతున్నాను, ఆమె చదివేటప్పుడు ఎదురుగా కూర్చుంటాను. మామ్మకు నీ మీద కోపం లేదు, కులం లేదు. నీకేమైనా అవుతుందనే భయం మాత్రం ఉండేది. ఆ భయం పేరుతోనే నేను పని జరిపించుకున్నాను. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేదు. ఉన్నవాళ్లను అడిగే ముఖం లేదు. చెప్పేశాను. గొంతులో ఇన్నాళ్లుగా అడ్డంపడ్డ ముల్లు కదిలింది, అంతే. ఎవరో టక్కున కంచం మీద కొట్టినట్టుంది.

ఇక మీరు. మొదట్లో ఒక పేరు అనుకోమన్నాను. ఆ మనిషి మీ ఇంట్లో పక్క గదిలో ఉండొచ్చు. మీ పిల్లల ముందు, మీ స్నేహితుల ముందు, మీ బాసు ఫోనులో ఉన్నప్పుడు మీరు కళ్లతో ఊరుకోమన్న మనిషి. నన్ను తిట్టుకోవడం తర్వాత. ఈ కాగితం కింద పెట్టండి. లేవండి. ఆ మనిషిని తీసుకొచ్చి మీ పిల్లల మధ్య కూర్చోబెట్టండి. "నీ మాటలో చెప్పు" అనండి. తర్వాత మీరు నోరు మూసుకుని వినండి.