ట్యాంకులో మిగిలిన పెట్రోలు

ఆయన్ని తెలిసినవారంతా మిల్లీమీటరు మేస్త్రి అనేవారు. చదివింది పల్లెటూరి ఒంటిగది బడిలో, అదీ ఏడో తరగతి దాకా. చదువు అక్కడ ఆగింది గాని లెక్క ఆగలేదు. నీటి పంపులు చేసే ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు లేతు మిషను ముందు నిలబడ్డాడు. పెద్ద చదువుల ఇంజినీర్లు ముగ్గురు వారం రోజులు తలలు పట్టుకు కూర్చున్న ఇరుసును ఒక్క పూటలో తీసి వాళ్ల బల్ల మీద పెట్టాడు. ఫ్యాక్టరీ వారు రెండుసార్లు షీల్డు ఇచ్చారు. రెండో షీల్డు నిలబెడితే ఊగుతోందని ఇంటికి తెచ్చి అడుగు అరగదీసి సరిచేసుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, రిటైరయ్యాక చేసిన పని ఒక ఎత్తు. బొమ్మ విమానానికి పెట్రోలు ఇంజిన్ తానే తయారుచేశాడు. రెండు చేతుల దోసిట్లో పట్టేంత ఇంజిన్. సిలిండరు, పిస్టను, లోపల తిరిగే ఇరుసు అన్నీ ఇంటి వెనక గదిలోని చిన్న లేతు మీద పుట్టినవే. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటరు ఒక్కటే బయటిది. గడ్డి కోసే పాత యంత్రం నుంచి తీసి బిగించాడు. మూడేళ్ల శ్రమ. మొదటిసారి ఎగిరినప్పుడు పదమూడు నిమిషాలు గాల్లో ఉంది. ఊరి బయట మైదానంలో విమానాలు ఎగరేసే వాళ్లంతా, వాళ్లకు పెద్దదిక్కైన పళ్ల డాక్టరుతో సహా, ఆ రోజు నుంచి ఆయన్ని గురువుగారూ అని పిలవడం మొదలుపెట్టారు.

గురువుగారి పాఠం ఒకటే. "ఇంజిన్ పరిగెత్తేటప్పుడు చెడదురా బాబూ, పడుకున్నప్పుడు చెడుతుంది" అనేవాడు. ముప్పై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె. కలిపిన తేదీ డబ్బా మీద సుద్దతో రాయాలి. నెల దాటితే విమానానికి వద్దు. ఎగరేసిన సాయంత్రమే ట్యాంకు వంచి ఖాళీ చేయాలి. మళ్లీ స్టార్టు చేసి, గొట్టంలో మిగిలింది కూడా తాగి దానంతట అది ఆగేదాకా వదిలేయాలి. ప్లగ్గు తీసి రెండు చుక్కలు నూనె వేసి, ముక్కున ఉన్న పంకా చేత్తో తిప్పి, అప్పుడు అటక ఎక్కించాలి. పన్నెండేళ్లలో ఒక్క సాయంత్రం కూడా ఆయన ఈ వరస తప్పలేదు.

చివరికి ఒక్క సాయంత్రం తప్పాడు. మైదానంలో ఉండగానే వాన విరుచుకుపడింది. తడిసి ముద్దై ఇల్లు చేరి, పొద్దున చూద్దాంలే అని విమానాన్ని అలాగే బల్ల మీద పెట్టాడు. పొద్దున్నే స్నానాల గదిలో కాలు జారింది. కుడి మణికట్టు రెండు ముక్కలైంది, తుంటి విరిగింది. ఎడమ చేతి వేళ్లు ఎప్పుడో ఫ్యాక్టరీ రోజుల్లోనే బిగుసుకుపోయాయి. మూడు వారాలు ఆసుపత్రి. ఆ తర్వాత, మెట్లు ఎక్కకూడదన్నారని తమ్ముడి ఇంట్లో రెండున్నర నెలలు. మంచం మీద పడుకుని ఆ ట్యాంకు గురించే ఆలోచించాడు. ఏ కొంచెమో మిగిలి ఉంటుంది, గాలికి ఆరిపోతుందిలే అనుకున్నాడు. ఎవరినైనా తీయమందామంటే నోరు రాలేదు. తన ఇంజిన్ మీద పరాయి చెయ్యి పడడం కంటే ఊరుకోవడమే మేలనిపించింది.

ఇంటికి చేరగానే పళ్ల డాక్టరు ఫోను చేశాడు. మైదానంలో గోదాములు కడుతున్నారు, వచ్చే ఆదివారం తర్వాత కంచె వేసేస్తారు. అదే ఆఖరి ఎగురుడు.

"మీరు కుర్చీలో కూర్చోండి గురువుగారూ. రిమోటు నేను పట్టుకుంటాను. ఆ ఇంజిన్ ఎగరకుండా మైదానం మూస్తే మాకు మనసు ఒప్పదు."

"ఎగురుతుందయ్యా. నా చేతులే పడిపోయాయి గాని దానికేం?" అన్నాడు మేస్త్రి. ఎనిమిది రోజుల గడువుంది.

ఫోను పెట్టేయగానే భార్య వెనక గది తలుపు తీసింది. ఆవిడ జాకెట్లు కుట్టడంలో పేరుపడ్డ మనిషి. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు బట్టలకని వచ్చాను చూడండి, అప్పుడు దీని పని కూడా చూశాను. ట్యాంకు సగమే ఉంది. మీ డబ్బాలోదే పోసి నిండుగా పెట్టాను. ఒక్క చుక్క కింద పడలేదు."

మేస్త్రి బల్ల మీది విమానం వైపు మెడ చాచాడు.

"నిండుగానా?"

"మరి? స్కూటరు కొన్నప్పటి నుంచి మీరు చెప్పేదే కదా. వానాకాలంలో ట్యాంకు ఖాళీగా ఉంచితే తుప్పు పడుతుందని. నాకు గుర్తుండదనుకున్నారా?"

"అది ఇనుప ట్యాంకు. ఇది ప్లాస్టిక్ సీసా. దీనికి తుప్పేమిటే?"

"ఆ ముక్క ఎప్పుడైనా చెప్పారా? పుట్టింటి వాళ్లొస్తే షీల్డులు రెండూ తుడిచి చూపించడం వచ్చు గాని!"

చెప్పలేదన్నది నిజం. ఈ కాలపు పెట్రోలు గాలిలోని తడిని పీల్చుకుంటుందని, నిలవుంటే జిగురవుతుందని మైదానంలో అందరికీ చెప్పాడు, ఇంట్లో మాత్రం చెప్పలేదు.

ఆవిడ గొంతు తగ్గింది. "పాడైందా?"

"చూడాలి. నువ్వే చూడాలి."

భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచారు. ఆయన చెబుతుంటే ఆవిడ స్క్రూలు విప్పింది. ట్యాంకు వంచితే గాజు గిన్నెలోకి పాలిష్ వాసన కొడుతూ పచ్చటి నీళ్లలాంటిది దిగింది. అడుగున నీళ్ల బొట్లు వేరుగా నిలిచాయి. కార్బ్యురేటరు మూత తీస్తే సన్నని రంధ్రాలన్నీ తేనె రంగు జిగురుతో పూడుకుపోయి ఉన్నాయి. పెట్రోలును లోపలికి లాగే రబ్బరు పొర ఎండుటాకులా పెళుసెక్కి ఆవిడ వేళ్ల మధ్యే చిరిగింది.

"అయ్యో, నేనే చింపానా?"

"నువ్వు కాదు. అది ఎప్పుడో పోయింది."

రంధ్రాలు రెండు రోజుల్లో శుభ్రమయ్యాయి. కుట్టుపని చేసే చేతులు కదా, ఆయన అరవాల్సిన అవసరమే రాలేదు. చిక్కంతా ఆ పొరతోనే. గడ్డి యంత్రాలు బాగుచేసే మెకానిక్‌కి ఫోను చేశారు.

"ఆ పాత సైజు ఇప్పుడెక్కడ మేస్త్రిగారూ! తెప్పిస్తాను గాని పన్నెండు రోజులు పడుతుంది."

పళ్ల డాక్టరు తన ఇంజిన్ కార్బ్యురేటరే విప్పి పట్టుకొచ్చాడు. బోల్టుల దగ్గర రెండు మిల్లీమీటర్లు తేడా. మధ్యలో ఒక బిళ్ల చేసి పెడితే సరిపోతుంది, లేతు మీద పావుగంట పని. మేస్త్రిని కుర్చీతో సహా లేతు ముందుకు చేర్చారు. కుడిచేతిలో ఉలి నిలవలేదు. రెండోసారి జారి పడ్డప్పుడు డాక్టరు వంగి తీసి బల్ల మీద పెట్టాడు. వీధి చివర లేతు షాపు వాడికి పది రోజుల పని ముందే ఉందంటే డాక్టరు తన కార్బ్యురేటరు వెనక్కి పట్టుకెళ్లాడు. ఎవరి దగ్గరికి ఎలా వెళ్లి అడగాలో మేస్త్రికి చేతకాలేదు. అందరూ తన దగ్గరికి రావడమే ఆయనకు అలవాటు.

శుక్రవారం మధ్యాహ్నం భార్య ఒక రబ్బరు చేతి తొడుగు తెచ్చింది.

"దీని రబ్బరు సన్నగానే ఉంది. చిరిగినదాన్ని నమూనాగా పెట్టి కత్తిరించనా? చొక్కా కాలరు కత్తిరించినట్టే కదా."

ఆ రబ్బరు పెట్రోలుకు ఆగదని ఆయనకు తెలుసు. ఉబ్బిపోతుంది. ఈ సంగతి కూడా మైదానంలో ఎన్నోసార్లు చెప్పాడు. ఆవిడ కళ్లలోకి చూసి, "కత్తిరించు" అన్నాడు.

శనివారం పెరట్లో డాక్టరు పంకా తిప్పాడు. మూడోసారికి ఇంజిన్ అందుకుంది. ఒక్కసారిగా పెరడంతా ఆ చప్పుడే. ఆవిడ చప్పట్లు కొట్టేసింది. డాక్టరు, "అమ్మా, మీకు మైదానంలో ఉద్యోగం ఖాయం!" అని అరిచాడు. అరవై లెక్కపెట్టేలోపే చప్పుడు గరగరలాడి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ రాలేదు. మూత తీస్తే పొర ఉబ్బి ముడతలు పడి ఉంది.

"ఇంకోటి కత్తిరిస్తాను. తొడుగు ఇంకా ఉంది" అంది ఆవిడ.

"వద్దు."

"ఒక్క ఎగురుడుకి సరిపోదా?"

"గాల్లో ఆగితే ఎవరి తల మీద పడుతుందో. వద్దు."

డాక్టరు వెళ్తూ వెళ్తూ, "ఉత్త చేతులతోనైనా రండి, కారు పంపుతాను" అన్నాడు. రానన్నాడు మేస్త్రి. పన్నెండేళ్లు ఉత్త చేతులతో వెళ్లని చోటది.

ఆదివారం పది గంటలకు ఫోను మోగింది. ఆవిడ ఎత్తి ఆయన చెవికి ఆనించింది.

"గురువుగారూ, వినిపిస్తోందా?" మైదానం నుంచి ఒక కుర్ర శిష్యుడి గొంతు.

"నువ్వు మాట్లాడకు. ఫోను అటు తిప్పి పట్టుకో."

అవతల ఇంజిన్లు. ఆయన కళ్లు మూసుకున్నాడు. "అది బ్యాంకు ఆయనది, నూనె ఎక్కువ పోశాడు. ఇది డాక్టరుది. దీని పెట్రోలు సూది ఇంకో పిసరు బిగించాలి" అంటూ మెల్లగా చెబుతున్నాడు. చెప్పేది మైదానం దాకా చేరడం లేదు, ఆవిడే వింటోంది. ఫోను పట్టుకున్న ఆవిడ చెయ్యి నొప్పెడుతోంది గాని మార్చుకోలేదు. గంటన్నర తర్వాత చప్పుళ్లు ఒక్కొక్కటే దిగిపోసాగాయి.

"అయిపోయిందా అండీ?"

"ఉండు. ఒకటి ఇంకా పైనే ఉంది."