మిద్దె మీది మొదటి కోత

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటే, ఎదురింటి మూడో అంతస్తులో, మంచం కూడా పట్టనంత చిన్న వసారాలో, ఎండ పడే చోటల్లా రంగు డబ్బాలు పెట్టి ఆ ఇంటి కోడలు పెంచుతున్న కొత్తిమీర, మెంతికూర కనిపించాయి. ఆమె మెంతికూర తొలి రెమ్మ తుంచి, కొంగుకు తుడిచి, చంకలోని బిడ్డ నోట్లో పెట్టింది. అంతే. ఆ మామూలు పని చూసి నాకు కన్నీళ్ళు ఎందుకు ఆగలేదో, నలభైల నాటి కరువును ఎరిగిన నా ఈడువాళ్ళకైనా చెప్పుకోవాలనిపించింది.

మా నాయన ఆళ్లగడ్డ క్రైస్తవ సంఘంలో ఉపదేశి. పగలు పిల్లలకు అక్షరాలు, సాయంత్రం పెద్దలకు వాక్యం చెప్పేవాడు. యుద్ధం నడుస్తున్న ఆ ఏండ్లలో వానలు కూడా ముఖం చాటేసి, చుట్టూ పల్లెలు ఖాళీ అయినప్పుడు, గంజి పోసే పనికి ఆయనను నంద్యాలకు పంపించారు. అక్కడ తాళాలూ లాంతర్లూ అమ్మే ఒక సాయిబు ఇంటిపైన ఒక గది, దాని ముందు పొద్దంతా ఎండకాచే కాస్త మట్టి మిద్దె మాకు దొరికాయి. నాలుగేండ్ల మా చెల్లెలు పొద్దు వాలితే గడప తట్టుకొని పడడం, కంచం ఎదురుగా ఉన్నా తడుముకోవడం అక్కడికి వెళ్ళాకే మొదలైంది. ఆసుపత్రి నర్సమ్మ రెప్పలు ఎత్తి చూసి, ఇది రేచీకటి, రోజూ పచ్చని ఆకు పెట్టండి, లేకపోతే పగటి చూపు కూడా పోతుందని చెప్పింది. బావులే ఎండిన చోట ఆకు ఎక్కడిది? సంతకు వచ్చే గుప్పెడు కూర మాలాంటివాళ్ళ దాకా వచ్చేది కాదు.

సంగతి తెలిసి ఆళ్లగడ్డ నుంచి మా జేజి, అంటే నాయన తల్లి, బండెక్కి వచ్చింది. పాత గుడ్డ కొనలో తోటకూర విత్తనాలు, మెంతులు, ధనియాలు ముడేసుకొని తెచ్చింది. పగిలిన బానలు, కిరసనాయిలు డబ్బాలు పోగేశాం. మిద్దె మీద పరిచేది చౌడు మన్ను, అందులో గడ్డి కూడా మొలవదు కాబట్టి, నాయన కుందూ ఏటి ఒడ్డు నల్లమట్టిని గంపతో నెత్తిన పెట్టుకొని మోసుకొచ్చాడు. నీళ్ళు దిగి మిద్దె కారుతుందని సాయిబుకు భయం. “మొక్కలు పెంచుకోండమ్మా, నా నెత్తిన మాత్రం పెంచాకండి,” అని నవ్వి, కుండల కింద పెట్టడానికి తానే నాపబండలు పంపించాడు. కొర్రలు కడిగిన నీళ్ళు, ముఖం కడిగిన నీళ్ళు, ఒక్క చుక్క నేలపాలు కానివ్వకుండా అమ్మ ఆ కుండలకే పోసేది. పోస్తూ ఒక్కో కుండ దగ్గర నిలబడి ప్రార్థన చేసేది. తోటకూర ఎర్రటి కాడలతో లేచినప్పుడు మేమంతా పైకెక్కి కీర్తన పాడాం.

మా సంఘాల్లో కోత పండుగ ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర లేదు. తొలి పంటను గుడికి తెచ్చి బల్ల మీద పెట్టి, పాదిరి అయ్యగారు దీవించాక వేలం వేస్తారు. అంతవరకూ ఆ పంటను ఇంట్లో ఎవరూ రుచి చూడరు. విత్తనం వేసిన వారమే నాయన ఆళ్లగడ్డ ఆరాధనలో లేచి నిలబడి, ఈ ఏడు మీ చేలల్లో ఏమీ లేదు గనుక మనందరి పక్షాన మా మిద్దె మీది మొదటి కోత దేవునిది అని మాట ఇచ్చి వచ్చాడు. బల్ల ఖాళీగా ఉంటుందని కుమిలిపోతున్న ఆ జనం ఆయన చేతులు పట్టుకొని ఏడ్చారట. అయితే గంజి కేంద్రాల వెంట తిరుగుతున్న అయ్యగారికి తీరిక దొరకక పండుగ వెనక్కి పోయింది. మళ్ళీ వెనక్కి పోయింది. ఆకు జానెడై మూరెడైంది. చెల్లెలికి జ్వరం తగిలింది, కండ్లు తెరవలేక వెలుగుకు మొహం తిప్పుకొనేది.

మా జేజి మెత్తగా మాట్లాడే మనిషి కాదు. ఒక మధ్యాహ్నం కొడవలి పట్టుకొని మిద్దె మీదికి పోతుంటే నాయన అడ్డం నిలబడ్డాడు.

“పిల్ల కండ్లు పోతాండాయి రా. దేవుడేమన్నా మేకనా, ఆకు కోసం కాసుకోని కూర్చునేకి?”

“సంఘంలో నిలబడి మాటిచ్చినాను మా. ముందు ఆయనది, తర్వాతే మనది.”

“ఆయన అడిగినాడా నిన్ను?”

నాయన మెల్లగా, “ఆకుతో కాదు మా, ఆ అర్పణతోనే బిడ్డ బాగయ్యేది,” అన్నాడు. ఆయన గొంతులో మొండితనం లేదు, నమ్మకం ఉంది. అదే జేజిని ఓడించింది. ఆమె కొడవలి అక్కడే పడేసి, కొంగు నెత్తిన కప్పుకొని మెట్ల మీద కూర్చుండిపోయింది. అమ్మ ఎటూ చెప్పలేదు. మాట తప్పితే మిగిలిన చూపు కూడా దేవుడు తీసుకుంటాడేమోనని అమ్మ భయం.

చివరికి పండుగ వచ్చింది. నాయన తెల్లారుజామునే కోసి, తడిగుడ్డ చుట్టి, మమ్మల్ని బండిలో ఆళ్లగడ్డకు తీసుకుపోయాడు. ఆ బల్ల మీద ఉన్న పచ్చదనమంతా మా గంపే. అయ్యగారు దీవించేటప్పుడు గుడిలో ఏడవని మనిషి లేడు. వేలంలో ఆ కూరను పాడుకొన్న సంఘ పెద్ద, గంపను అట్లాగే తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాడు. “ఈ ఆకు ఆ పిల్లదే తల్లీ, వండి పెట్టు,” అన్నాడు. జేజి ఇంట్లో అప్పటికప్పుడు కందిపప్పు వేసి వండారు. చెల్లెలు ఆశగా లేచి కూర్చుంది. అమ్మ ముద్ద కలిపి ముందుకు చాపితే, అది అమ్మ చేతి వైపు కాదు, వాసన వైపు తిరిగింది. నట్టింట్లో పగటి వెలుతురు నిండుగా ఉంది. నాయన దాని కండ్ల ముందు చెయ్యి ఆడించి చూశాడు.

నర్సమ్మ తిట్టలేదు. ఆలస్యమైంది అని మాత్రం అన్నది. ఆ తర్వాత ఆ కుండల నుంచి రోజూ ఆకు కోసి పెట్టాం, ఆ ఏడంతా పెట్టాం. చెల్లెలు ఒళ్ళు బాగుపడింది, చూపు రాలేదు.

నాయన బ్రతికినంత కాలం వాక్యం చెప్పాడు. ఆకలిగొన్నవాళ్ళు దేవునికి అర్పించిన సన్నిధి రొట్టె తిన్నా దోషం కాలేదన్న మాట లేఖనంలోనే ఉంది, అది ఆయనకు కంఠతా వచ్చు. ఆ భాగం చదవవలసిన రోజున మాత్రం పుస్తకం ఇంకొకరి చేతికిచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు. చెల్లెలు కీర్తనలన్నీ చెవితోనే నేర్చుకొని, గుడిలో ముందుండి పాడి, పెండ్లి లేకుండానే నా దగ్గరే ఉండి, నాకన్నా ముందే వెళ్ళిపోయింది. నాయనను ఒక్కమాట అనలేదు. అని ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేదేమో.

ఇప్పుడు కోత పండుగకు అంగడిలో కొన్న కూరగాయలు తెస్తారు, సగం తిన్నాక గుర్తొచ్చి తెచ్చేవాళ్ళూ ఉన్నారు. బల్ల నిండిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. అప్పటి విశ్వాసులు ఇప్పుడెక్కడున్నారని నా ఈడువాళ్ళు నిట్టూరుస్తుంటే, నేను తల వంచుకొని వింటాను. నిజమే, నాయన లాంటి విశ్వాసం మళ్ళీ నేను చూడలేదు. ఇన్నేండ్ల ప్రార్థనలో దేవుణ్ణి ఎన్నో అడిగాను, అది మాత్రం ఎవరికీ ఇమ్మని అడగలేకపోయాను.