ఫోటోలో పడని నెత్తురు గడ్డ

రజాకార్ల గొడవలకు కొన్నేళ్ల ముందు మాట. ఎల్లారెడ్డిలో అత్తవారింట్లో నా మొదటి కాన్పు అయి పన్నెండు రోజులైంది. ఎడమ కాలు తొడ దాకా వాచి రాయిలా బిగుసుకుంది. మా ఆయన నన్ను కామారెడ్డిలో రైలెక్కించి పట్నం దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడ ఎక్స్‌రే తీశారు.

"ఎముకలు బాగున్నాయి. కానీ నెత్తురు గడ్డ కడితే ఈ ఫోటోలో కనిపించదు. నాకు అదే అనుమానం. కాలు పిసకనివ్వకండి, గడ్డ కదిలితే ప్రాణం పోతుంది" అని డాక్టరమ్మ మా ఇద్దరికీ చెప్పింది.

ఇంటికి రాగానే అత్త అడిగితే మా ఆయన, "ఫోటోల ఏం లేదన్నరు అవ్వా" అన్నాడు. అంతే.

"నేను చెప్పలే? అంతా దొంగ ఏశాలే! ఆముదం పెట్టి తోమితే వాపు అదే దిగుతది" అంటూ అత్త మంత్రసానిని పిలిపించింది. ఆమె వేడి ఆముదంతో నా కాలు మీద చెయ్యి వేసింది. మా ఆయన గడప దగ్గర కూర్చొని బీడీ తాగుతున్నాడు.

నేను ఆముదం గిన్నెను ఒక్కటి కొట్టాను. నూనె గోడంతా చిందింది.

"ముట్టకు! పిసికితే సస్తనని డాక్టరమ్మ చెప్పింది. ఆయన గూడ ఇన్నడు, అడుగు!" అని మంత్రసాని మీద అరిచాను.

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. "నీ కోడల్ని సంపిన పాపం నాకొద్దు" అని అత్తతో చెప్పి, చేతులు తుడుచుకొని వెళ్లిపోయింది.

ఎందుకు చెప్పలేదని తర్వాత నిలదీస్తే, "అవ్వకు ఎదురు ఎట్ల చెప్త?" అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లైంది. నా కాలి వాపు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. ఆయన మీద కోపమూ అంతే.