మేస్త్రీ నిలబడిన బండ

మొన్న ఆసుపత్రి వరండాలో నా చేతికర్ర తగిలి ఒక బండ డొల్లగా మోగింది. కింద సున్నమో సిమెంటో సరిగా నిండని బండ అలాగే మోగుతుంది. పక్కవాళ్లు డాక్టరు కోసం ఎదురుచూస్తుంటే, నా కళ్లకు మాత్రం దస్తగిరి మేస్త్రీ పాదాలు కనబడ్డాయి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరంతా కొత్త కట్టడాలే. కమలాపురం దగ్గర మా చేను ఎండిపోతే, ఇరవై అయిదేళ్ల వయసులో భార్యనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని వచ్చి, బండలు పరిచే పని నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరాను. నేర్చుకునేవాడికి మధ్యాహ్నం సంగటి, దసరాకు పంచె. కూలీ మాత్రం లేదు, అది ఆనవాయితీ. ఆరు నెలలు నా భార్య కట్టెలు మోసి తెచ్చిన జొన్నలతోనే గడిచింది. తర్వాత ఆమె జ్వరంతో మంచం పట్టింది. పని మానేసి మూటలు మోయడానికి పోతానని మేస్త్రీకి చెప్పాను.

మర్నాడు కంట్రాక్టరు ముందు రొమ్ము విరుచుకుని కూలీ అడిగానని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. నేను గది గుమ్మం బయట సున్నం కుప్ప వెనక నక్కి చూస్తున్నాను. అడిగింది మేస్త్రీ.

“నేర్చుకునేవానికి కూలీ యాడన్నా ఉండాదా మేస్త్రీ? నేర్పినందుకు వాడే మనకియ్యాల!” అన్నాడు కంట్రాక్టరు.

“పిల్లోడైతే వాళ్ల నాయన కూడు పెడతాడు సామీ. ఈయప్పే ఒక బిడ్డకు నాయన. ఈయప్పకు ఎవురు పెడతారు?” అన్నాడు మేస్త్రీ. “ఈ గదంతా ఈయప్ప పరిచిందే. తట్టి చూడు. ఒక్క బండ డొల్ల మోగినా కూలీ మాటెత్తను. మోగకుంటే సగం కూలీ ఇయ్యాల.”

కంట్రాక్టరు కర్రతో మూలమూలా తట్టాడు. మేస్త్రీ గది నడుమ చేతులు కట్టుకుని, నాటిన రాయిలా నిలబడ్డాడు. ఎక్కడా డొల్ల మోగలేదు. “శానా గట్టోళ్లప్పా మీరు” అని నవ్వి, కంట్రాక్టరు సగం కూలీకి ఒప్పుకుని వెళ్లిపోయాడు.

నా పనిలో ఒక్క డొల్లా లేదని ఇన్నేళ్లూ గొప్పలు పోయాను. అదీ నిజం కాదు. కంట్రాక్టరు వెళ్లాక మేస్త్రీ నన్ను లోపలికి పిలిచి, పక్కకు జరిగి, తాను నిలబడిన బండను మడమతో తట్టాడు. ఖాళీ కుండలా మోగింది.

“నీ బండను కాసి కాసి కాళ్లు పీకినాయి కదప్పా! ఈ పొద్దు నుంచి కూలీ తీసుకుంటాండావు. దీన్ని ఎత్తి మళ్లా పరుచు. ఇంకోసారి నేను నిలబడను.”

నేనూ మేస్త్రీనయ్యాక వందమందికి పని నేర్పాను. సరే, పదకొండు మందికి. అందరికీ మొదటి రోజు నుంచే సగం కూలీ ఇప్పించాను. వాళ్ల పని చూడటానికి ఎవరైనా కర్ర పట్టుకుని వస్తే, గదిలో ఎక్కడ నిలబడాలో నా కాళ్లకు తెలుసు.